మూతపడిన కట్టడములు – మన ఊరి రంగస్థలము

ఏ మండల కేంద్రమునకు పోయినను తాళము పడిన కట్టడము ఒకటి కనబడక మానదు. ఒకచోట అది వేరుశనగ మిల్లు. మరియొకచోట ఎరువుల గోదాము. ఇంకొకచోట పిల్లలు తగ్గి మూసివేసిన ప్రాథమిక పాఠశాల. వేరొకచోట టెలివిజను, దాని వెనుక సెల్‌ఫోను వచ్చిన పిమ్మట ప్రేక్షకులు కరవైన సినిమా హాలు. గోడలు గట్టిగనే ఉండును. కప్పున రెండు మూడు రేకులు లేచిపోయి యుండును. వాకిట తుమ్మచెట్టు మొలచి యుండును. నిత్యము దాని ముందునుండి నడచువారి కంటికి అది ఆనదు. పది పదునైదేండ్లు గడచిన తరువాత ఒకనాటి వానకు గోడ కూలును. లేదా దూలములు, తలుపులు, బండలు ఒకటొకటిగా మాయమగును.

అదే ఊరిలో మరియొక మాట కూడ వినుచుందుము: నాటకము ఆడుకొనుటకు చోటు లేదని, పిల్లలకు కోలాటము నేర్పుటకు నీడ లేదని, ముషాయిరా పెట్టుకొనవలెనన్న షామియానా అద్దెకే చేతి డబ్బు చాలదని. ఈ రెండు విషయములను ప్రక్కప్రక్కన పెట్టి చూచువారు అరుదు. ఉన్న కట్టడమునకు మనుష్యులు లేరు. ఉన్న మనుష్యులకు కట్టడము లేదు. ఈ వ్యాసమున మేము విన్నవింపదలచినది ఇదియే: కొత్త ఆడిటోరియము కొరకు అర్జీలు పెట్టుచు ఏండ్లు గడుపుటకంటె, మూతపడిన కట్టడము నొకదానిని ఊరి రంగస్థలముగా మార్చుకొనుట సాధ్యము, సముచితము. అయితే ఆ మార్పు గోడలకు సున్నము కొట్టుటతో ముగియదు. ఆ కట్టడపు తాళపుచెవి ఎవరి చేతిలో నుండవలెనను ప్రశ్నకు సమాధానము దొరికినప్పుడే ముగియును. చెన్నేకొత్తపల్లిని మనసులో నుంచుకొని ఈ మాట వ్రాయుచున్నాము. మన విద్యార్థులలో ఆ ప్రాంతమునుండియు, పెనుకొండ, ధర్మవరము, హిందూపురముల నుండియు వచ్చువారు పలువురు గలరు కనుక ఇది వారి ఇంటి సంగతియే.

మొదట, ఈ కరవుసీమకు నాటకమెందుకని అడుగువారికి సమాధానము చెప్పవలసియున్నది. తెలుగు నాటక చరిత్ర తెలిసినవారు ఈ ప్రశ్న అడుగరు. ఆంధ్ర నాటక పితామహుడని పేరుగాంచిన ధర్మవరము రామకృష్ణమాచార్యులు 1853లో జన్మించినది మన ధర్మవరముననే. బళ్లారిలో న్యాయవాదిగా నుండి సరసవినోదినీ సభను స్థాపించి, చిత్రనళీయము, విషాద సారంగధర మొదలైన నాటకములను వ్రాసి ఆడించిన మహనీయుడాయన. ఆయన మేనల్లుడు బళ్లారి రాఘవ 1880లో తాడిపత్రిలో జన్మించెను. ఆయనయు న్యాయవాదియే. 1928లో ఐరోపా పర్యటించి అచ్చటి రంగస్థలమును కన్నులార చూచి వచ్చినవాడు. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుబట్టి, ఆనాటి నిందలకు వెరవక ఆ పని చేయించినవాడు. 1882లో బళ్లారి జిల్లానుండి అనంతపురము జిల్లా ఏర్పడు వరకు ఈ నేల యంతయు ఒక్కటే జిల్లా. కాబట్టి బళ్లారి నాటక సమాజముల కీర్తిలో మన పల్లెలకును భాగము గలదు. పొరుగున కడప జిల్లా సురభి గ్రామమున 1885లో కీచకవధతో మొదలైన సురభివారి నాటకము తరతరములుగా సాగినది. కరవు ఈ సీమ పంటను ఎండగట్టినది గాని నాటకమును ఎండగట్టలేదు.

ఇక మన కాలమునకు వత్తము. ధర్మవరము మండలమున నిమ్మలకుంట అను గ్రామము గలదు. తోలుబొమ్మలాట కళాకారుల కుటుంబములు అచ్చట తరతరములుగా నివసించుచున్నవి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ పురస్కారము లభించినది. ఇంట మరాఠీ మాటలాడుచు, తెరవెనుక తెలుగులో రామాయణ భారత కథలను పలికించు కుటుంబములవి. ఇంట ఒక భాష, వాకిట ఒక భాషగల మన ఉర్దూ కుటుంబముల విద్యార్థులు ఈ సంగతిని ప్రత్యేకముగ గమనింపవలెను. ఒక భాషకు కట్టుబడియుండుట మరియొక భాషకు ద్రోహము కాదని నిమ్మలకుంటవారు ఎన్నడో నిరూపించినారు.

అయితే నేడు ఆ చేతులు ఏమి చేయుచున్నవి? మేకతోలును పలుచగా చేసి, రంధ్రములు పొడిచి, రంగులద్ది, హనుమంతునికి రావణునికి ప్రాణము పోసిన ఆ చేతులే ఇప్పుడు నగరములలోని ఇండ్లకు దీపపు గుడ్డలను, గోడ అలంకారములను చేయుచున్నవి. ఇది తప్పనుట మా ఉద్దేశము కాదు. కడుపు నింపు వృత్తిని హీనముగ చూచు హక్కు ఎవరికిని లేదు. కాని బొమ్మ దీపమునకు కప్పు అయినప్పుడు బొమ్మ మిగులును, ఆట మిగులదు. పద్యము, వచనము, హాస్యపు కేతిగాడు, బంగారక్క, తాళము, హార్మోనియము – ఇవన్నియు ఆడినంతకాలమే బ్రతుకును. ఆడుటకు వారికి కావలసినదేమి? ఒక తెల్లని తెర, దాని వెనుక దీపము, దాని ముందు చీకటి. వీధిదీపముల వెలుగులో, లారీల హారనుల నడుమ తోలుబొమ్మలాట నిలువదు. కిటికీలు లేని గోదామును మనము పనికిరాని చీకటికొట్టమని వదలివేసినాము. తోలుబొమ్మలకు కావలసినది సరిగా ఆ చీకటియే.

పాడుపడిన కట్టడములను రంగస్థలములుగ మార్చుట వింత ఆలోచనయు కాదు, కొత్త ఆలోచనయు కాదు. పారిస్ నగరమున 1876లో కట్టిన బూఫ్ ద్యు నోర్ అను నాటకశాల 1952లో మూతపడి, ఇరువదేండ్లకు పైగా పాడుపడియున్నది. 1974లో పీటర్ బ్రూక్ అను ఆంగ్ల దర్శకుడు దానిని తెరిచెను. గోడల మచ్చలను, పెచ్చులను ఆయన కప్పిపుచ్చలేదు. ప్రేక్షకుడు క్షేమముగ కూర్చుండుటకు, నటుని మాట వినుటకు కావలసినంతే బాగుచేసి మిగిలినదానిని కాలము వదలిన రూపముననే ఉంచెను. మన మహాభారతమును లోకమున పలుదేశముల నటులతో 1985లో ఆడించినవాడాయనయే. అందు ద్రౌపది పాత్ర మన దేశపు మల్లికా సారాభాయిది. ఆ నాటకమును ఆయన మొదట ప్రదర్శించినది ఫ్రాన్సుదేశపు అవిన్యోన్ వద్ద ఒక రాతిగనిలో. రాతిగని భారతమునకు చాలినప్పుడు రాతిగోడల గోదాము మన నాటికకు చాలదా?

లండన్ నగరమున రౌండ్‌హౌస్ అను గుండ్రని కట్టడము కథ మరియొక పాఠము నేర్పును. 1847లో రైలు ఇంజనులను త్రిప్పుటకు కట్టిన షెడ్డు అది. ఇంజనులు పెద్దవగుటతో ఆ పనికి చాలక, దీర్ఘకాలము సారాయి గిడ్డంగిగ నుండెను. 1964లో ఆర్నాల్డ్ వెస్కర్ అను నాటకకర్త నడిపిన సంస్థ చేతికి వచ్చి నాటకశాలయయ్యెను. ఎంతో పేరు వచ్చినది. అయినను 1983లో డబ్బు లేక మూతపడినది. మరల తెరచుకొనునప్పటికి 2006వ సంవత్సరము. కట్టడమును మార్చుట ఒక ఏటి పని. దానిని నిలుపుట ప్రతియేటి పని అని ఈ చరిత్ర చెప్పుచున్నది. మనము ఆ మొదటి పనికి కొబ్బరికాయ కొట్టి, రెండవ పనిని మరచుట కలవాటుపడినవారము.

అంత దూరము పోనక్కరలేదు. హైదరాబాదు బంజారాహిల్సులో ఎం. హసన్ అను ఛాయాచిత్రకారుని ఇల్లు ఆయన అనంతరము 2010లో లామకాన్ అను పేర సాంస్కృతిక కేంద్రమయ్యెను. పెద్ద బండరాతి ప్రక్కన ఆరుబయట వేదిక, చవక ధరకు చాయి, సమోసా. అంతియే దాని వైభవము. ఉర్దూ కవిత్వము, తెలుగు నాటకము, చలనచిత్రము, చర్చ ఒకే ముంగిట జరిగినవి. అది కోట్ల రూపాయల భూమి. దానిని అమ్ముకొనక, అంగళ్లకు అద్దెకీయక, పదిమందికి తెరిచియుంచిన ఆ కుటుంబపు నిర్ణయములోనే ఆ సంస్థకు పునాది గలదు. సిమెంటు తరువాతిది.

అది నగరము కదా, పల్లెలో ఎవరు చూతురని ఆక్షేపణ రావచ్చును. పొరుగున కర్ణాటకములో శివమొగ్గ జిల్లా హెగ్గోడు పోకతోటల నడుమ నొదిగిన చిన్న గ్రామము. 1949లో అచ్చటి యువకులు నీనాసం అను నాటక సంఘమును పెట్టుకొనిరి. కె.వి. సుబ్బణ్ణగారి నాయకత్వమున 1972లో రంగమందిరము, 1980లో నాటక శిక్షణాలయము, 1985లో ఊరూర తిరుగు తిరుగాట బృందము ఏర్పడినవి. 1991లో సుబ్బణ్ణగారికి మెగసెసే పురస్కారము లభించెను. వారికి పాత గోదాము దొరకలేదు కనుక కొత్తగ కట్టుకొనిరి. కాని వారు మొదట కట్టుకొన్నది మందిరము కాదు, సంఘము. సంఘమునకు, మందిరమునకు నడుమ ఇరువది మూడేండ్ల దూరము గలదు. ఈ వరుస మనకు గుర్తుండవలెను.

చెన్నేకొత్తపల్లి వారికి ఈ పాఠము మరింత దగ్గరగనే గలదు. 1990లో ఆ ఊరి సమీపమున ఎందుకును పనికిరాదని వదలివేయబడిన 32 ఎకరముల బీడును కొనుగోలు చేసి, చెట్లు మరల మొలచునట్లు కాపాడిన వారి సంస్థయే నేటి టింబక్టు కలెక్టివ్. నిప్పునుండి, గొడ్డలినుండి కాపాడినంతనే నేల తనంత తాను పచ్చబడినదని ఆ అనుభవము. పాడు నేలకు వర్తించిన న్యాయము పాడు కట్టడమునకు వర్తింపదా?

ఇక ఆచరణ సంగతి. ఉత్సాహము మంచిదే గాని కప్పు కూలినచో ఉత్సాహము అడ్డుపడదు. కనుక మొదటి పని ఇంజనీరును పిలుచుట. పునాది, దూలములు, గోడల బీటలు పరీక్షింపక ఒక్క రూపాయియు ఖర్చు చేయరాదు. పాత ఆస్‌బెస్టాస్ రేకులున్నచో వానిని పగులగొట్టక, జాగ్రత్తగ దింపించి వేరు కప్పు వేయవలెను. ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదము. ఇనుప రేకుల కప్పు అయినచో వాన చప్పుడు నటుని గొంతును మ్రింగును. క్రింద వెదురుతడకల లోకప్పు వేసినచో కొంత తగ్గును. ఖాళీ గోదామున మాట మారుమ్రోగును. దానికి విదేశీ సామగ్రి అక్కరలేదు. గోడల వెంట గోనెపట్టాలు, దుప్పట్లు, మందపాటి గుడ్డతెరలు వ్రేలాడదీసినను మారుమ్రోత అణగును. అయితే గోనె, గుడ్డ నిప్పునకు చుట్టములు కనుక దీపములకు, తీగలకు దూరముగ ఉంచవలెను. కూర్చుండుటకు బండలు మన సీమలో కొదవ లేదు. మెట్లు మెట్లుగ పరచినచో వెనుకవానికి ముందువాని తల అడ్డురాదు.

భరతుడు నాట్యశాస్త్రమున ప్రేక్షాగృహములను గూర్చి చెప్పుచు, మనుష్యులకు మధ్యమ ప్రమాణమే తగినదని, పొడవు 64 హస్తములు, వెడల్పు 32 హస్తములు మించరాదని విధించెను. అంతకు మించినచో మాట స్పష్టముగ వినబడదనియు, ముఖమున భావము కానరాదనియు ఆయన కారణము. హస్తమును అడుగున్నరగ లెక్కించినచో అది 96 అడుగుల పొడవు, 48 అడుగుల వెడల్పు. అందును సగము ప్రేక్షకులకు, సగము వేదికకు, నేపథ్యమునకు. మధ్యతరహా గోదాము ఒకటి ఇంచుమించు ఈ కొలతకే వచ్చును. వేయిమంది పట్టు ఆడిటోరియము లేదని చింతింపనక్కరలేదు. మైకు లేక వినబడు దూరములో ఇన్నూరుమంది కూర్చున్నచో నాటకమునకు అది నిండు సభ.

ప్రాణరక్షణ విషయమున మాత్రము పొదుపు పనికిరాదు. 1997లో ఢిల్లీ ఉపహార్ సినిమా హాలులో 59 మంది, 2004లో కుంభకోణము పాఠశాలలో 94 మంది పసిపిల్లలు అగ్నికి బలియైరి. బయటపడు దారి సక్రమముగ లేకపోవుటయే ఆ రెండు చోట్లను చావులను పెంచినది. కనుక ఎదురెదురుగ రెండు వాకిళ్లు, వెలుపలికి తెరచుకొను తలుపులు, ప్రదర్శన జరుగునప్పుడు వానికి తాళము వేయరాదను నియమము, కొత్త విద్యుత్తు తీగలు, ఇసుక బకెట్లు, నిప్పార్పు సాధనములు – ఇవి వేదికకంటె ముందు సమకూరవలెను. వీనితోబాటు స్త్రీలకు మరుగుదొడ్డి. ఇది చిన్న విషయమని తలచువారు, మన సభలలో స్త్రీలు తొమ్మిది గంటలకే లేచిపోవుటకు కారణమేమో ఒకమారు తమ ఇంట అడిగి తెలిసికొనవలెను.

కట్టడము ఎవరిదన్నది తరువాతి ప్రశ్న. పంచాయతీదయినచో తీర్మానము, ప్రభుత్వ శాఖదయినచో ఉత్తరువు, ప్రైవేటుదయినచో వ్రాతపూర్వకమైన కౌలు కావలెను. ఏడాదికి మించిన కౌలును రిజిస్టరు చేయించుట చట్టవిధి. నోటిమాట నమ్మి కప్పు వేయించి, పిమ్మట యజమాని వారసులతో కోర్టులకెక్కుట కళాసేవ కాదు. వక్ఫు ఆస్తి విషయమున మరింత జాగరూకత అవసరము. వాకిఫ్ ఏ ఉద్దేశముతో ఆ ఆస్తిని వదలెనో ఆ ఉద్దేశమును మీరు అధికారము మనకు లేదు. అట్టి కట్టడము జోలికి పోరాదని మా నిశ్చితాభిప్రాయము.

ఇచ్చట మన పెద్దలలో కొందరి సందేహమును గౌరవముతో ప్రస్తావించుచున్నాము. నాటకము పిల్లలను చెడగొట్టునని, మన కట్టుబాటులకు సరిపడదని వారి భయము. వేదికపై అశ్లీలమును మేమును సమర్థింపము. కాని దానికి మందు వేదికను మూయుట కాదు, మంచివారి చేతిలో పెట్టుట. గుంటూరు జిల్లా పొన్నెకల్లున పుట్టిన షేక్ నాజర్ బుర్రకథను తెలుగునేల నలుమూలల వినిపించి, 1986లో పద్మశ్రీ పొందెను. తన ఆత్మకథకు పింజారి అని పేరు పెట్టుకొని, తన పుట్టుకను దాచుకొనక తెలుగువారందరి ప్రేమను చూరగొన్న కళాకారుడాయన. ఉర్దూవైపు చూచినచో, హబీబ్ తన్వీర్ 1954లో ఆగ్రా బజార్ నాటకమును మొదట ఆడించినది ఢిల్లీ జామియా మిల్లియా ఇస్లామియాలో, విద్యార్థులతోను, ప్రక్కనున్న ఓఖ్లా గ్రామప్రజలతోను. సామాన్యుల కవి నజీర్ అక్బరాబాదీ కవిత్వము చుట్టు అల్లిన నాటకమది. ఒక మైనారిటీ విద్యాసంస్థ, దాని ప్రక్కనున్న పల్లె కలిసి దేశమునకు ఇచ్చిన కానుక అని దానిని మనము గర్వముతో చెప్పుకొనవలెను.

వేరొక ఆక్షేపణ మరింత బలమైనది, ఏలయన దానికి డబ్బు తోడు. ఆ కట్టడమును కల్యాణమండపముగనో షాదీఖానాగనో చేసినచో అద్దె వచ్చును, నాటకశాలగ చేసినచో ఏమి వచ్చునని అడుగుదురు. పేదింటి పెండ్లికి నీడ అవసరమే. దానిని మేము కాదనము. కాని పెండ్లిండ్లకు ముహూర్తములు, నెలలు గలవు. మిగిలిన దినములలో ఆ మండపమునకు తాళమే. ఏడాదిలో కొన్ని రోజులు తెరచి మిగిలిన రోజులు మూయుటకైతే, మూతపడిన కట్టడమునే మరల రంగు వేసి మూసినట్లగును. రంగస్థలము అట్లు కాదు. ఉదయము పత్రికా పఠనాలయము, మధ్యాహ్నము మహిళా సంఘముల సమావేశము, సాయంకాలము పిల్లలకు కోలాటము, చెక్కభజన, నాటకాభ్యాసము, శనివారము ప్రదర్శన, నెలకొకమారు తోలుబొమ్మలాట, మరియొకమారు ముషాయిరా. జుమా వేళను, రంజాను రాత్రులను, పరీక్షల దినములను గౌరవించి పట్టిక వేసికొనవచ్చును. ప్రతిదినము తెరచుకొను తలుపునకు చెదలు పట్టదు.

ఇంతకును ఈ ప్రయత్నములో పణముగ నున్నది ఒక కట్టడము కాదు. మన వార్షికోత్సవములలో ఏమి జరుగుచున్నదో చూడుడు. ఉర్దూ నాటిక మొదలుకాగానే తెలుగు విద్యార్థులలో సగము మంది లేచి ఆవలికి పోవుదురు. తెలుగు ఏకపాత్రాభినయము మొదలుకాగానే ఉర్దూ విద్యార్థులు ఆ పనియే చేయుదురు. ఒకే గదిలో మూడేండ్లు చదివినవారు ఒకరి నాటికను ఒకరు పది నిమిషములు చూడజాలకున్నారు. వారి తాతలు ఇట్టివారు కారు. నార్పల మండలము గూగూడులో కుళ్లాయిస్వామి పీర్ల ముందు మొహర్రము నిప్పులగుండము త్రొక్కుటకు అన్ని మతములవారు కూడుదురు. పెనుకొండ బాబయ్యస్వామి దర్గా ఉరుసుకు కులమత భేదము లేక జనము తరలివత్తురు. పండుగనాడు కలియుట మన సీమకు తెలిసిన విద్య. కాని ఏటికొక పండుగ చాలదు. పండుగ లేని సాయంకాలమున, ఒకే బల్లపై కూర్చుండి, ఒకరి దుఃఖమునకు ఒకరు కన్నీరు పెట్టుకొని, ఒకరి హాస్యమునకు ఒకరు నవ్వు చోటు ఊరికి కావలెను. సెల్‌ఫోనులో ఎవరి తెర వారిది, ఎవరి నవ్వు వారిది. నాటకశాలలో చీకటి అందరిది, వెలుగు అందరిది.

ఆడపిల్లల మాట వేరుగ చెప్పవలసియున్నది. సాయంకాలము మగపిల్లవానికి బస్టాండు గలదు, టీ అంగడి గలదు, మైదానము గలదు. ఆడపిల్లకు ఇల్లు తప్ప వేరొక చోటు లేదు. తల్లిదండ్రులు నమ్మి పంపదగిన, తోటి స్త్రీలు నడుపు, దీపము వెలుగుచుండు ఒక కట్టడము ఊరి నడుమ ఉన్నచో ఆమెకు వేదిక ఎక్కు ధైర్యము ముందు రాకపోయినను, వేదిక ముందు కూర్చుండు హక్కు వచ్చును. రాఘవ ఆనాడు వాదించినది స్త్రీకి పాత్ర కావలెనని. ఈనాడు ఆమెకు ఆసనమును కూడ అడుగవలసిన స్థితిలో మనమున్నాము.

కనుకనే తాళపుచెవిని గూర్చి పట్టుబట్టుచున్నాము. అది ఒక నాయకుని చేతికి పోయినచో అతని పార్టీ సభలకు తెరచుకొనును, ఎదుటివారికి మూసుకొనును. గుత్తేదారుని చేతికి పోయినచో అద్దె ఇచ్చువానికే తెరచుకొనును. అధికారి చేతికి పోయినచో బదిలీతో తాళపుచెవియు బదిలీయగును. మా సూచన ఇది: రాష్ట్ర సంఘముల రిజిస్ట్రేషను చట్టము, 2001 ప్రకారము ఏడుగురు చేరినచో సంఘమును నమోదు చేసికొనవచ్చును. అట్టి సంఘమున పంచాయతీ ప్రతినిధి ఒకరు, ఉపాధ్యాయుడొకరు, మహిళా సంఘమునుండి ఇద్దరు, వృత్తి కళాకారుడొకరు, ఇరుభాషల విద్యార్థులు ఇద్దరు ఉండవలెను. నెల జమాఖర్చును గోడపై అంటింపవలెను. వేదికపై దాత పేరు గాని, నాయకుని బొమ్మ గాని ఉండరాదు. ఏ భాషలో ప్రదర్శన జరిగినను, రెండవ భాషలో కథాసంగ్రహమును ముందుగ చదివి వినిపింపవలెను. ఈ చివరి నియమమునకు ఖర్చు లేదు. ఫలము మాత్రము మిక్కిలి.

పాలకవర్గమువారికి మా మనవి పెద్దది కాదు. ఈ ఏడు మన కళాశాల నాటికలను మన ప్రాంగణముననే ఆడి ముగింపక, చెన్నేకొత్తపల్లి వంటి మండల కేంద్రమున, క్షేమమని ఇంజనీరు చెప్పిన ఒక పాత కట్టడమున, అచ్చటి పెద్దల అనుమతితో ఒక్క సాయంకాలము ఆడుటకు అవకాశమీయుడు. ఒక ఉర్దూ నాటిక, ఒక తెలుగు నాటిక, వాని నడుమ నిమ్మలకుంటవారి తోలుబొమ్మలాట; కళాకారులకు తగిన పారితోషికము. బస్సు ఖర్చు, దీపముల ఖర్చు తప్ప మిగిలినది విద్యార్థుల శ్రమదానము. ఊరివారు వచ్చినచో మరల ఆడుదము. రాకపోయినచో ఎందుకు రాలేదో వారి ఇండ్లకు పోయి అడుగుదము.

విద్యార్థినీ విద్యార్థులారా! సెలవులకు మీ ఊళ్లకు పోయినప్పుడు మూతపడిన కట్టడములను ఒకమారు తేరిపార చూడుడు. పొడవు, వెడల్పు అడుగులతో కొలిచి వ్రాసికొనుడు. కప్పు ఏమిటో, వాకిళ్లు ఎన్నో, యజమాని ఎవరో విచారింపుడు. ఊరిలో హార్మోనియము తెలిసిన వృద్ధుడెవరో, పద్యము పాడగల అవ్వ ఎవరో, కిస్సాలు చెప్పగల తాత ఎవరో కనుగొనుడు. తిరిగి వచ్చినప్పుడు ఆ వివరములు తెలుగు శాఖకును, ఉర్దూ శాఖకును ఇండు. కట్టడమునకు మనుష్యులను, మనుష్యులకు కట్టడమును చూపించు మొదటి పట్టిక అదియే యగును. ఆ పట్టిక లేక ఎంత ఉపన్యసించినను ఒక్క తలుపును తెరచుకొనదు.